48 గంటల తర్వాత

(విళాత్తికుళంలో కుటుంబాలు, యువతీ యువకుల కూడికలో ఒక కాపరి చేసిన ప్రసంగ పాఠం)

 

మనం ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, పనిలో రెండూ కలిపి బతికే మనుషులం. ఈ నల్లరేగడి నేల మీద మిరపచేలో, అగ్గిపెట్టెల కంపెనీలో, టపాకాయల ఫ్యాక్టరీలో, లారీ మీద కష్టపడే మనుషులం. మన ఇళ్లలో ఒక పిల్లవాడి తలకు పెద్ద దెబ్బ తగిలితే మొదటి రెండు రోజులు ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఊరంతా ఆస్పత్రికి కదులుతుంది. సంఘమంతా మోకరిస్తుంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండు రోజులు గడిచిపోయిన తర్వాతి సంగతి.

మన రోడ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. మదురై నుంచి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా పోయే నాలుగు వరుసల రోడ్డు మన ఊళ్లను కోసుకుంటూ పోతుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో ఒక్క తమిళనాడులోనే 64,105 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 17,884 మంది చనిపోయారు. చనిపోయిన వారికి ఒక లెక్క ఉంది. ప్రాణంతో బయటపడి, మెదడుకు తగిలిన దెబ్బతో జీవితమే మారిపోయిన పిల్లలకు ఆ పట్టికలో విడిగా ఒక గడి లేదు. మిద్దె మీద నుంచి, చింతచెట్టు మీద నుంచి పడిన పిల్లలు ఆ రోడ్డు లెక్కలోకి రానే రారు.

ముందు మొదటి గంటల గురించి నాలుగు మాటలు చెప్పి తర్వాతి సంగతికి వస్తాను. తల దెబ్బలో నష్టం రెండుసార్లు జరుగుతుంది. దెబ్బ తగిలిన క్షణంలో జరిగేది మొదటిది. దాన్ని ఏ డాక్టరూ వెనక్కి తీసుకోలేడు. తర్వాతి గంటల్లో మెదడు వాచడం, లోపల రక్తం చేరడం, ఆక్సిజన్ సరిగా అందకపోవడం వల్ల జరిగేది రెండోది. దీన్ని తగ్గించవచ్చు. అందుకే 108కి ఫోన్ చేయడంలో ఒక్క నిమిషం ఆలస్యం వద్దు. స్పృహ లేని పిల్లవాడి నోట్లో నీళ్లు పోయకండి. లేపాలని ఊపకండి. మెడ కదలకుండా పట్టుకోండి. పైకి గాయం కనబడకపోయినా, పదేపదే వాంతులు, పెరిగే మగత, ఫిట్స్, చెవి నుంచో ముక్కు నుంచో నీరు లేదా రక్తం, ఒక వైపు చెయ్యి కాలు బలహీనపడడం, ఇందులో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. పోలీసు కేసు భయంతో వెనకాడకండి. గాయపడినవారికి సాయం చేసినవాడిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలోకే వచ్చింది.

తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరు 18న ‘ఇన్నుయిర్ కాప్పోం, నమ్మైక్ కాక్కుం 48’ అనే పథకం మొదలుపెట్టింది. ఈ రాష్ట్రపు రోడ్ల మీద ఎవరు గాయపడినా, ఏ రాష్ట్రం వారైనా, మొదటి 48 గంటల చికిత్స జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో ఉచితం. 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కూడా ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులు, 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స. ఇవి మంచి పథకాలు. వీటి వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. అయితే ఒకటి గమనించండి. ప్రభుత్వం గంటల్లో, రోజుల్లో లెక్కపెడుతోంది. మన సంఘం పరామర్శ కూడా ఒక నెల దాటదు. మెదడు గాయపడిన పిల్లవాడు కోలుకునే లెక్క మాత్రం సంవత్సరాల్లో ఉంటుంది. ఆ మధ్య ఖాళీలో ఎవరున్నారు? చాలా ఇళ్లలో ఒక్క తల్లి ఉంది. ఆమె ఒక్కతే ఉంది.

పిల్లవాడు ఇంటికి వస్తాడు. కుట్లు మానతాయి, జుట్టు పెరుగుతుంది. చూసినవాళ్లంతా, ‘దేవుడు గొప్ప కార్యం చేశాడు, పిల్లవాడు బాగైపోయాడు’ అంటారు. తల్లికి మాత్రం తెలుసు, పూర్తిగా బాగవలేదని. వాడు పది నిమిషాల క్రితం తిన్నది మరచిపోతాడు. చిన్న మాటకే గిన్నె విసిరేస్తాడు. అంతకుముందు నోట రాని బూతు మాట వస్తుంది. నలుగురు కలిసి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు. బట్టలు వేసుకునేసరికే అలసిపోయి పడుకుంటాడు. ఇది పొగరు కాదు, సోమరితనం కాదు. కోపాన్ని ఆపుకోవడం, ఒక పని మీద మనసు నిలపడం, వరుసగా పనులు చేయడం కూడా మెదడు చేసే పనులే. కాలు విరిగినవాడిని పరుగెత్తమని కొట్టం కదా. మెదడు దెబ్బతిన్నవాడిని ‘బుద్ధిగా ఉండు’ అని కొట్టడం అలాంటిదే.

ఇక్కడ విశ్వాసులతో ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ పిల్లలకు ఫిట్స్ వచ్చినప్పుడు, కేకలు వేసినప్పుడు, ‘దయ్యం పట్టింది’ అనేవాళ్లు మనలోనే ఉన్నారు. మత్తయి సువార్త 4వ అధ్యాయం 24వ వచనం తీసి చూడండి. దయ్యం పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను, అంటే మూర్ఛ వచ్చేవారిని, వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా రాశాడు మత్తయి. రెండు వేల ఏళ్ల క్రితం సువార్తికుడు చూపిన తేడాను మనం ఈ రోజు చెరిపేయవచ్చా? ప్రార్థన మానమని నేను అనడం లేదు. తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించండి. కానీ మెల్లగా, మౌనంగా, నూనెతో పాటు మాత్ర కూడా వేసి ప్రార్థించండి. ఫిట్స్ మాత్రలు ఉపవాస ప్రార్థన పేరుతో ఒక్క పూట మాన్పించినా ప్రాణం మీదికి వస్తుంది.

రెండో మాట, తల్లి గురించి. ‘నీవు చూసుకోలేదు’, ‘నీవు వాణ్ణి బైకు ముందు ఎందుకు కూర్చోబెట్టావు’, ‘ఏ పాపం చేశావో’. ఇంతకంటే క్రూరమైన మాటలు ఉండవు. రెండవ సమూయేలు 4వ అధ్యాయంలో ఒక్క వచనంలో ఒక పిల్లవాడి కథ ఉంది. యోనాతాను కుమారుడు మెఫీబోషెతు. ఐదేళ్లవాడు. సౌలు, యోనాతాను యుద్ధంలో చనిపోయారన్న వార్త రాగానే దాది వాణ్ణి ఎత్తుకుని పారిపోయింది. ఆ తొందరలో పిల్లవాడు పడిపోయాడు. రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఆ దాది వాడి ప్రాణం కాపాడాలని పరుగెత్తిన మనిషి. బైబిలు ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె నేరం ఇదని గానీ, పిల్లవాడి తండ్రి పాపం ఇదని గానీ రాయలేదు. జరిగింది చెప్పి ఊరుకుంది. మనం కూడా అక్కడే ఊరుకోవడం నేర్చుకోవాలి.

ఆ కుటుంబానికి ఇంకో దుఃఖం ఉంటుంది, దానికి పేరు కూడా ఉండదు. చావు జరిగిన ఇంట్లో ఏడవడానికి ఒక పద్ధతి ఉంది. నలుగురు వస్తారు, కూర్చుంటారు, ఆరాధన జరుగుతుంది. ఇక్కడ పిల్లవాడు బతికే ఉన్నాడు. కానీ నిన్నటి వరకు గలగలా మాట్లాడి, వాక్యాలు అప్పజెప్పిన ఆ పిల్లవాడు కనబడడు. దాని కోసం ఏడిస్తే, ‘ప్రాణం దక్కింది, కృతజ్ఞత లేదా’ అంటారు. అమ్మా, ఆ ఏడుపు అవిశ్వాసం కాదు. కృతజ్ఞత, దుఃఖం రెండూ ఒకే గుండెలో ఉండవచ్చు. కీర్తనల గ్రంథం నిండా అలాంటి ప్రార్థనలే ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో చేయదగిన పనులు చెబుతాను. ఇవి చిన్నవి, కానీ ప్రతిరోజూ చేయాలి. లేవడం, తినడం, నిద్ర అన్నీ ఒకే వేళకు జరగాలి. ఆ రోజు పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటించండి. ‘పళ్లు తోముకొని, చొక్కా వేసుకొని, వచ్చి తిను’ అని మూడు పనులు ఒకేసారి చెప్పకండి. ఒకటి చెప్పండి, అయ్యాక రెండోది. జవాబు కోసం ఆగండి. ఆలస్యంగా వచ్చినా జవాబు వస్తుంది. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. ఫిజియోథెరపీ వాళ్లు నేర్పిన వ్యాయామం రోజుకు గంటసేపు ఒకేసారి కాకుండా, కొద్దికొద్దిగా నాలుగుసార్లు చేయించండి. కోపం వచ్చినప్పుడు వాదించకండి, నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకుపోండి. మొదటి నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది. తర్వాత మెల్లగా జరుగుతుంది. మెల్లబడింది కాబట్టి ఆగిపోయిందని అనుకోకండి.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఆస్పత్రిలో డాక్టరు తమిళంలో పేరు అడుగుతాడు. పిల్లవాడు పలకడు. ‘మాట అర్థం కావడం లేదు’ అని కాగితం మీద రాసుకునే అవకాశం ఉంది. అదే అవ్వ వచ్చి తెలుగులో పిలిస్తే కళ్లు తిప్పవచ్చు. రెండు భాషలు తెలిసిన మనిషి మెదడుకు దెబ్బ తగిలితే రెండు భాషలూ ఒకే వేగంతో, ఒకే మోతాదులో తిరిగి రావాలని లేదు. అందుకే చేర్చిన రోజే చెప్పండి, ‘మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బిడ్డను రెండు భాషల్లోనూ పరీక్షించండి’ అని. స్పీచ్ థెరపీకి పోయినప్పుడు అవ్వనో అక్కనో వెంట తీసుకుపోండి. నేర్పే మాటలను తెలుగులో కూడా చెప్పడం నేర్చుకోండి. మన భాషకు ఇక్కడ లిపి రాదు, బడి లేదు అని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఒక గాయపడిన బిడ్డ తిరిగి రావడానికి అదే మొదటి దారి కావచ్చు.

పునరావాసం అన్న మాట మన దక్షిణాది క్రైస్తవులకు కొత్త కాదు. వేలూరు సి.ఎం.సి.లో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మళ్లీ నడవలేకపోయారు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత గాయపడినవారు తిరిగి బతుకు నేర్చుకునే వైద్యానికే తన జీవితం ఇచ్చారు. 1966లో వేలూరు దగ్గర బాగాయంలో పునరావాస కేంద్రం మొదలైంది. ఆమెది మెదడు గాయం కాదు, వెన్ను గాయం. కానీ ఆమె జీవితం చెప్పేది మనకు కావాలి. మునుపటిలాగా కాకపోయినా మనిషి మళ్లీ నిలబడవచ్చు. దానికి కుటుంబానికి కూడా శిక్షణ కావాలి.

వేలూరు పోలేనివారి సంగతేమిటి? రోజుకూలి తల్లి వారానికి మూడుసార్లు బస్సెక్కి తూత్తుకుడికో మదురైకో పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక్కడే న్యాయం సంగతి వస్తుంది. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం మొదలైంది. అందులో ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయడం కూడా ఒక భాగం. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు ఇచ్చి అడగండి. తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డ బడికి రాలేకపోతే, ఇంటి దగ్గరే చదువు పొందే హక్కు 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా ఎక్కువ వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచిత విద్య హక్కు. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. తల గాయం అనే పేరు అందులో విడిగా లేదు. అందుకని ‘మీకు వర్తించదు’ అంటే తిరిగి రాకండి. నడక, మాట, బుద్ధి వికాసం, ఏది దెబ్బతింటే ఆ పేరు కింద సర్టిఫికెట్ అడగవచ్చు.

నష్టపరిహారం గురించి. 2007లో హర్యానాలో 12 ఏళ్ల అమ్మాయి తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద పోతుండగా లారీ గుద్దింది. మెదడు తీవ్రంగా దెబ్బతింది. 2020 ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఆమెకు 62,27,000 రూపాయలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. అందులో ఒక అంశం ప్రతి తల్లీ తెలుసుకోవాలి. ఆ బిడ్డను జీవితాంతం చూసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలని, ఒక్కొక్కరికి నెలకు 5,000 రూపాయల చొప్పున కోర్టు లెక్కకట్టింది. అంటే, రాత్రీపగలూ నీవు చేస్తున్న సేవకు విలువ ఉందని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. ఇంకో సంగతి కూడా చూడండి. ఆ తీర్పు రావడానికి 12 ఏళ్లు దాటింది. అందుకే మొదటి రోజు నుంచి ఎఫ్.ఐ.ఆర్., స్కాన్‌లు, బిల్లులు, డిశ్చార్జి కాగితం ఒక సంచిలో దాచండి. మధ్యవర్తి వచ్చి కొద్ది డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర అడిగితే ఇవ్వకండి. కేసు వేయడానికి చట్టంలో 6 నెలల గడువు పెట్టారు. గడువు దాటిందని మీకు మీరే వదులుకోకుండా ముందు వకీలును అడగండి. స్త్రీలకు, పిల్లలకు, దళితులకు, వికలాంగులకు ఉచిత న్యాయసేవ 1987 చట్టం ఇచ్చిన హక్కు. కోర్టులో ఉన్న న్యాయసేవల కార్యాలయంలో అడగండి.

యౌవనస్థులారా, ఇప్పుడు మీ సంగతి. ఆ పిల్లవాడు బడికి తిరిగి వచ్చినప్పుడు మొదట్లో సగం రోజే కూర్చోగలడు. ముందు బెంచీ కావాలి. రాయడానికి ఎక్కువ సమయం కావాలి. డాక్టరు సరే అనేదాకా కబడ్డీ, సైకిలు వద్దు, తలకు రెండో దెబ్బ తగలకూడదు. పెరిగే మెదడు కాబట్టి కొన్ని లోటులు అప్పుడే కనబడవు. ఆరేళ్లప్పుడు తగిలిన గాయం, చదువు కష్టమయ్యే పదకొండేళ్లప్పుడు బయటపడవచ్చు. అప్పటికి టీచరు మారిపోయి ఉంటాడు, పాత ప్రమాదం ఎవరికీ గుర్తుండదు. గుర్తు చేయాల్సింది మీరే. వాణ్ణి ‘మెంటల్’ అని పిలిచేవాడి నోరు మూయించాల్సిందీ మీరే. బైకు నడిపేవారు ఇంకొకటి వినండి. నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ హెల్మెట్ ఉండాలని చట్టం. అంతకంటే చిన్నవారికి హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు.

చివరిగా మళ్లీ మెఫీబోషెతు దగ్గరకు పోదాం. దావీదు అతణ్ణి పిలిపించిన కథ మనకు తెలుసు. కానీ పిలుపు వచ్చేనాటికి అతడు ఎక్కడున్నాడు? లోదెబారులో, మాకీరు ఇంట్లో. అన్ని సంవత్సరాలు రాజుకు గుర్తు రాని కుంటివాడికి మాకీరు అనే ఒక మనిషి ఇంట్లో చోటిచ్చాడు. ఇదే మాకీరు తర్వాత దావీదు కష్టంలో ఉన్నప్పుడు కూడా వచ్చాడు. రెండవ సమూయేలు 17వ అధ్యాయం చూడండి. మరికొందరితో కలిసి పరుపులు, పాత్రలు, గోధుమలు, పప్పులు తెచ్చాడు. మాకీరు ఏ ప్రసంగం చేశాడో బైబిలు రాయలేదు. ఏం మోసుకొచ్చాడో రాసింది.

దావీదు రెండు పనులు చేశాడు. మొదటిది, సౌలు భూమిని తిరిగి ఇచ్చాడు, దాన్ని దున్నే పని సీబాకూ అతని పదిహేనుమంది కొడుకులకూ ఇరవైమంది దాసులకూ అప్పగించాడు. అది హక్కు. రెండోది, తన బల్ల దగ్గర ఎప్పటికీ చోటు ఇచ్చాడు. అది ప్రేమ. ఒకటి ఇచ్చి ఇంకొకటి ఎగ్గొట్టలేదు. ఆ అధ్యాయం చివరి మాట గమనించారా? అతడు రాజు బల్ల దగ్గర భోజనం చేస్తూ వచ్చాడు, అతని రెండు కాళ్లూ కుంటివే. స్వస్థత జరిగిన తర్వాత బల్ల దగ్గరకు రానివ్వలేదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టు కూర్చోబెట్టారు.

కాబట్టి మన సంఘాలను నేను అడిగేది ఇది. మెదడు గాయపడిన బిడ్డ ఉన్న ఇంటికి ‘ఎలా ఉన్నాడు?’ అని అడగడానికి పోకండి. ‘మంగళవారం ఫిజియోథెరపీకి నేను తీసుకుపోతాను’ అని చెప్పడానికి పోండి. ఒక నోటుబుక్కులో ఆరు రోజులకు ఆరుగురి పేర్లు రాయండి. ఒకరు బస్సులో తోడు పోవాలి. ఒకరు తల్లి రెండు గంటలు నిద్రపోయేలా బిడ్డ దగ్గర కూర్చోవాలి. ఒకరు కలెక్టరేటు కాగితాల వెంట తిరగాలి. ఒకరు ఆ ఇంట్లో రెండో బిడ్డను బడికి పంపాలి, అందరూ మరచిపోయేది ఆ బిడ్డనే. ఒకరు తండ్రితో కూర్చోవాలి, ఏడవలేని ఆ మగవాడు తాగుడులో పడకముందే. ఆ నోటుబుక్కు మొదటి నెలకు అక్కరలేదు, అప్పుడు అందరూ వస్తారు. ఏడో నెలకు, రెండో సంవత్సరానికి రాయండి. ఆదివారం ఆరాధనలో వాడు కేక వేస్తే వెనక్కి తిరిగి చూడకండి. మైకు సౌండు తగ్గించండి.

ప్రభువా, గాయపడిన మా బిడ్డలను, వారి వెంట మేలుకొని ఉన్న తల్లులను నీ చేతులకు అప్పగిస్తున్నాం. వారి ఇళ్లకు పోవడానికి మా కాళ్లకు, వారి కాగితాలు పట్టుకుని నిలబడడానికి మా గొంతులకు, ఏళ్లు గడిచినా విసుగు చెందని ఓర్పును మాకు ఇమ్ము. ఆమేన్.